ప్లేట్లు లోడ్ చేయగానే క్రాంక్‌కేస్‌కి మంచు పట్టేస్తోంది, లిక్విడ్ ఎక్కడ్నుంచి?

భీమవరం షిఫ్టు:
భీమవరం దగ్గర రొయ్యలు గడ్డకట్టించే ప్లాంటండి, చల్లబరచడానికి వాడేది అమ్మోనియా. టూ స్టేజ్ రెసిప్రొకేటింగ్ కంప్రెసరు (గ్యాసుని రెండు దశల్లో నొక్కేది: తక్కువ ప్రెషరు ఎల్పీ, ఎక్కువ ప్రెషరు హెచ్పీ), ఎల్పీ రిసీవరు (చల్లటి లిక్విడ్ నిలవుండే ట్యాంకు) నుంచి పంపుతో నాలుగు ప్లేట్ ఫ్రీజర్లకి లిక్విడ్ వెళ్తుంది. సక్షన్ (కంప్రెసరు గ్యాసు లాగే వైపు) గేజు 9 ఇంచుల వాక్యూమ్, కండెన్సరు (గ్యాసు తిరిగి ద్రవమయ్యేది) ప్రెషరు 13 కేజీలు. నిలకడగా నడుస్తుంటే ఏ గొడవా లేదు. కరెంటు పోయి జనరేటరు మీద స్టార్ట్ చేసినప్పుడు, లేదా నాలుగు ప్లేట్లూ ఒకేసారి లోడ్ చేసినప్పుడు పది నిమిషాల్లో క్రాంక్‌కేస్ (కంప్రెసరు అడుగున నూనె ఉండే గది) మంచుతో తెల్లబడుతోంది. సైట్ గ్లాసులో నూనె నురగ, ఆయిల్ ప్రెషరు ఊగడం, హెడ్డులో టకటక. డిశ్చార్జి (కంప్రెసరు నుంచి బయటికొచ్చే గ్యాసు) 100 డిగ్రీల నుంచి 60కి దిగింది. రిసీవరు హై లెవెల్ అలారం మాత్రం ఒక్కసారీ మోగలేదు. రిసీవరులోకి లిక్విడ్ వదిలే హ్యాండ్ ఎక్స్‌పాన్షన్ వాల్వు సగం మూసినా అంతే.

నీలం గేజు:
మన డెల్టా గాలిలో తేమకి మైనస్ 40 లైను మీద మంచు లేకపోతేనే అనుమానించాలి, పైపు మీది మంచుని లెక్కలోకి తీసుకోకండి. క్రాంక్‌కేస్ సంగతి వేరు. టూ స్టేజ్ మెషీన్లలో అది మామూలుగా ఎల్పీ సక్షన్ ప్రెషరులోనే ఉంటుంది, కాబట్టి లిక్విడ్ ఎల్పీ రిసీవరు నుంచే వస్తోంది. ఇంటర్‌కూలరు (రెండు దశల మధ్య గ్యాసుని చల్లబరిచేది) నిండి వస్తుంటే హెచ్పీ హెడ్లు ముందు చల్లబడేవి. 13 కేజీల దగ్గర అమ్మోనియా ద్రవమయ్యేది సుమారు 36 డిగ్రీలకి. డిశ్చార్జి 60 అంటే ఆ అంచుకి దగ్గరపడుతున్నారు.

ఎక్స్‌పాన్షన్ వాల్వు మూసినా తగ్గలేదంటే కొత్తగా వచ్చే లిక్విడ్ ఎక్కువై కాదు, ఉన్నదే పొంగుతోంది. కరెంటు పోగానే పంపు ఆగి, ప్లేట్లలోదీ రిటర్న్ లైన్లోదీ రిసీవరులోకి జారుతుంది. ప్రెషరు మెల్లగా ఎక్కుతుంది. అప్పుడు ఫుల్ లోడు మీద స్టార్ట్ చేస్తే ప్రెషరు దబ్బున పడి, లిక్విడ్ అంతా ఒక్కసారిగా ఉడుకుతుంది. పొయ్యి మీద పాలు పొంగినట్టే, నురగ సక్షన్ నోటి దాకా లేస్తుంది. వెచ్చటి ట్రేలు నాలుగు ప్లేట్లలో ఒకేసారి పెట్టినా ఇదే కథ. ఆ సమయంలో పంపు డెలివరీ ప్రెషరు కూడా ఊగుతుంటే నా మాట నిజమని రాసుకోండి.

లిక్విడ్ సోలెనాయిడు (కరెంటుతో పనిచేసే వాల్వు) మూసి, పంపు ఆపి, సిలిండర్లు అన్‌లోడ్ చేసి (గ్యాసు నొక్కకుండా ఖాళీగా తిరిగేలా), సక్షన్ వాల్వు పావు తిప్పే తెరిచి స్టార్ట్ చేయండి. గేజు నిదానంగా దిగుతుంటేనే వాల్వూ, ఆపైన సిలిండర్లూ ఒక్కొక్కటిగా. ప్లేట్లు పావుగంట తేడాతో లోడ్ చేయండి. జనరేటరు లైన్లో క్రాంక్‌కేస్ హీటరు కూడా ఉందో లేదో చూడండి, చాలా చోట్ల వదిలేస్తారు.

ఆయిల్ పాట్:
పైన చెప్పింది సరే. కానీ అలారం మోగకపోవడాన్ని తేలిగ్గా వదలకండి, నాకు అసలు దోషం అక్కడే కనిపిస్తోంది. అమ్మోనియాలో నూనె కలవదు, బరువెక్కువ, అడుగుకి చేరుతుంది. మైనస్ 40లో జిగటగా మారి ఫ్లోట్ కాలమ్ (రిసీవరు పక్కన మట్టం చెప్పే నిలువు గొట్టం) కింది కాలుని మూసేస్తుంది. రిసీవరులో మట్టం పెరిగినా కాలమ్‌లో కదలదు, ఫ్లోట్ పాత లెవెలే చెబుతుంది. కాలమ్ మీద మంచు గీత రిసీవరు మీది గీత కన్నా కిందుందా చూడండి.

వాక్యూమ్‌లో ఉన్న రిసీవరు డ్రెయిన్ నేరుగా తెరవకండి. నూనె రాదు, గాలి లోపలికి పోతుంది. నూనెని ఆయిల్ పాట్‌లోకి (రిసీవరు కింద నూనె చేరే పాత్ర) దించి, రిసీవరు వైపు వాల్వు మూసి, వెంట్ (సక్షన్‌లోకి పోయే దారి) తెరిచే ఉంచి పాట్ మీద మామూలు నీళ్లు పోయండి. అందులోని అమ్మోనియా సక్షన్‌లోకి ఉడికిపోయాక వెంట్ మూసి, ఒక కేజీ ప్రెషరు ఎక్కనిచ్చి అప్పుడు తీయండి. లిక్విడ్ నిండిన పాట్‌ని అన్ని వైపులా మూసి వేడి చేస్తే పగులుతుంది. వదలగానే స్ప్రింగుతో మూసుకునే వాల్వు, అమ్మోనియా మాస్కు, పక్కన ఇంకో మనిషి తప్పనిసరి.

బ్లాస్ట్ రూము:
సక్షన్ వాల్వు ఎప్పుడూ సగం మూసి నడిపేస్తే సరిపోతుందని ఎవరైనా చెబుతారు, వినకండి. అది అత్యవసరానికి మాత్రమే. టకటక మొదలవగానే అన్‌లోడ్ చేసి సక్షన్ తగ్గించండి, అయినా ఆగకపోతే మెషీను ఆపేయండి. కంప్రెసరుని చల్లబరిచే జాకెట్ నీళ్లు మాత్రం ఆపొద్దు, గడ్డకడితే జాకెట్ పగులుతుంది. ఆపాక సక్షన్, డిశ్చార్జి రెండూ బిగించేసి వెళ్లిపోకండి. సక్షన్ కాస్త తెరిచి ఉంచి, హీటరు మీద క్రాంక్‌కేస్ లిక్విడ్‌ని ఉడికిపోనివ్వండి.

భీమవరం షిఫ్టు:
ఆయ్, పంపు ప్రెషరు ఊగుతోందండి. కాలమ్ గీత రిసీవరు గీతకి జానెడు కింద ఉంది. నూనె తీసేదాకా రన్నింగ్ లెవెల్ తగ్గించి నడపొచ్చా?

ఆయిల్ పాట్:
తగ్గించాల్సిందే, కానీ ఆ ఫ్లోట్‌ని నమ్మి కాదు, రిసీవరు మీది గీత చూసి. ప్లేట్లలోదీ రిటర్న్ లైన్లోదీ మొత్తం వెనక్కి జారినా హై లెవెల్ గుర్తు దాటకుండా ఖాళీ ఉండాలి. మరీ దించితే పంపు గ్యాసు లాగుతుంది. ఈలోపు టకటక విన్న మెషీను కదా, వాల్వు ప్లేట్లు, సక్షన్ స్ట్రైనరు (జల్లెడ) విప్పి చూసి నూనె మార్చండి.