స్త్రీ శక్తి ఉచిత బస్సు: పేద ఇంటికి మేలా, ఊరి బేరాలకు దెబ్బా?

కృష్ణలంక పాఠకుడు:
స్త్రీ శక్తి పథకం కింద 2025 ఆగస్టు 15 నుంచి మన ఆంధ్రప్రదేశ్ మహిళలకు పల్లెవెలుగు మొదలు ఎక్స్‌ప్రెస్ దాకా ఐదు రకాల బస్సుల్లో టికెట్ ఖర్చు లేదు. పేదలకు సాయం చేయాలనే మాటతో నాకు పేచీ లేదు. కానీ జీతగాళ్ల ఇంటి ఆడవాళ్లకూ, కూలీలకూ ఒకే రాయితీ ఎందుకు? పైగా బస్సు ఉచితమైతే పెళ్లి బట్టలకు అందరూ మా విజయవాడలోని వస్త్రలత బట్టల మార్కెట్‌కో బీసెంట్ రోడ్డుకో వస్తారు. ఊళ్లో బట్టల కొట్టు పెట్టుకున్నవాడి గతి ఏమిటి? ఇదే డబ్బు చిరువ్యాపారులకు పెట్టుబడిగా ఇస్తే ఊరి బేరం ఊళ్లోనే నిలుస్తుంది.

గుంటూరు పక్క పల్లె నుంచి:
పెళ్లి బట్టలకు విజయవాడ రావడం ఉచిత బస్సుతో మొదలు కాలేదండీ. టికెట్ కొనుక్కుని కూడా వచ్చేవాళ్లం.

నేను చూసేది మిర్చి పని. సీజన్‌లో మా వీధి ఆడవాళ్లు గుంటూరుకు తొడిమలు తీయడానికి వెళతారు. గోతాల మీద కూర్చుని తొడిమలు తుంచడం, తాలుకాయలు వేరు చేయడం. ఆ ఘాటుకు వేళ్లు మండుతాయి, ఇంటికొచ్చి పిల్లల ముఖం కడగాలన్నా భయమే. కూలి కిలోల లెక్కన. కాయ తడిగా ఉన్న రోజు ఎంత కూర్చున్నా తూకం పెరగదు, కానీ ఛార్జీ మాత్రం తగ్గదు. ఆ ఛార్జీ మిగిలితే ఎక్కడికి వెళుతుందో తెలుసా? వీధి చివరి కిరాణా కొట్టు పద్దుకు. పాత బాకీ కొంచెం తీరితే కొట్టువాడు కొత్త సరుకు ఇస్తాడు. ఊరి బేరం నిలబడేది అలాగే.

ఇక అర్హుల వడపోత మాట. ఆదాయ ధ్రువపత్రం అడిగితే ముందు ఆగిపోయేది కూలీ మనిషే. దాని కోసం ఒక రోజు పని మానుకోవాలి. ఇప్పుడు ఆధార్ చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్ కొట్టి ఇస్తాడు. దాన్ని చెడగొట్టకండి.

మంగళగిరి రోడ్డు ఆటో:
అమ్మా, మీ మాట కాదనను. మా ఇంటి ఆడవాళ్లూ ఆ బస్సే ఎక్కుతున్నారు. కానీ ఇదివరకు నా షేర్ ఆటోలో సగం సీట్లు ఆడవాళ్లతోనే నిండేవి. 2025 అక్టోబర్ 4న ప్రభుత్వం ఆటో డ్రైవర్లకు ఏడాదికి 15 వేలు వేసింది. రోజుకు 41 రూపాయలు. అదీ సొంత బండి ఉన్నవారికే. నాది అద్దె ఆటో. బేరం ఉన్నా లేకున్నా సాయంత్రానికి ఓనరుకు అద్దె కట్టాల్సిందే. బండి నా పేరున లేదు కాబట్టి నేను లెక్కలో లేను. ఒక పేదవాడికి మేలు చేయడానికి ఇంకో పేదవాడి కడుపు కొట్టడం న్యాయమా?

కృష్ణలంక పాఠకుడు:
నేనన్నదీ అదే. ఒకరి నష్టం పూడ్చడానికి ఇంకో పథకం, దాని వెనుక మరొకటి. ఈ ఖర్చంతా ఆర్టీసీకి ప్రభుత్వం సకాలంలో చెల్లించకపోతే పాడైన బస్సుల స్థానంలో కొత్తవి రావు. అప్పుడు ఉచితం ఉంటుంది, బస్సు ఉండదు.

గుంటూరు పక్క పల్లె నుంచి:
బస్సుల మాట నిజం, నా బాధ కూడా అక్కడే. మిర్చి కూలీలు తెల్లవారకముందే బయలుదేరాలి. మా ఊరికి ఆ వేళకు పల్లెవెలుగు లేదు. అందుకే ముఠా మేస్త్రీ మాట్లాడిన ఆటోలో కిక్కిరిసి వెళతారు, ఆ ఛార్జీ కూలిలో కోసుకుంటారు. పథకం వచ్చినా వాళ్లకు దక్కింది సగమే, తిరుగు ప్రయాణం మాత్రమే. సీజన్ మూడు నెలలు తెల్లవారుజామున ఒక్క సర్వీసు వేయమని డిపోకు అర్జీ పెడదాం, మీరూ సంతకం చేయండి.

అన్నా, మీ సంగతి వేరు. అద్దె ఆటో నడిపేవారికి లైసెన్సు చూసి సాయం ఇవ్వాలి, బండి కాగితం చూసి కాదు. ఆ అర్జీ మీరు రాస్తే మా వీధంతా సంతకం పెడుతుంది.

మంగళగిరి రోడ్డు ఆటో:
రాస్తాను అమ్మా. ఇంకో మాట కూడా చేరుస్తాను: మెయిన్ రోడ్డు మీద దిగినవాళ్లను లోపలి ఊళ్లకు చేర్చే రూట్లు ఆటోలకు కేటాయించాలి. అక్కడికి బస్సు ఎలాగూ రాదు.