తక్కువ ధర బుష్‌క్రాఫ్ట్ కత్తి: ముందు బాగు చేయాల్సింది ఒరనా, కత్తినా?

తడదారి:
పోయిన వారం ఇక్కడ ఒకరు రాశారు, తక్కువ ధర బుష్‌క్రాఫ్ట్ కత్తి (ఆరుబయట చెక్కుడు పనులకి వాడే చిన్న కత్తి) కొని దాన్ని రుద్దుకుంటూ కూర్చునే బదులు ఇంకొంత డబ్బు కలిపి ఫుల్ టాంగ్ కత్తి, అంటే బ్లేడు స్టీలు పిడి చివరిదాకా పోయేది, కొనుక్కుంటే గొడవ వదిలిపోతుంది అని. నేను ఒప్పుకోను. నా దగ్గరున్నది కార్బన్ స్టీలు కత్తి, నాలుగంగుళాల బ్లేడు, మూడు మిల్లీమీటర్ల లోపు మందం, రబ్బరు పట్టున్న పిడి, ప్లాస్టిక్ ఒర. కంపెనీ పేరు చెప్పను, ఈ ధరలో వచ్చే వాటిలో చాలా వాటిది ఇదే వరస. బ్లేడుకి వంక పెట్టడానికి లేదు. సాన పెడితే పదును తొందరగా ఎక్కుతుంది, సరుగుడు పుల్లల్ని చెక్కినా నిలుస్తుంది. చిక్కంతా ఒరతోనే. తలకిందులు చేసి రెండుసార్లు విదిలిస్తే కత్తి జారి కింద పడుతుంది. పుత్తూరు దగ్గర మా మామయ్య వాళ్ల మామిడి తోటలో పనికి తీసుకెళ్తాను, అక్కడ గట్టు దూకేటప్పుడో చెట్టు ఎక్కేటప్పుడో అది జారితే తొడలోనే దిగుతుంది. వెయ్యి కాదు పదివేలు పెట్టి కొన్న కత్తైనా ఒర పట్టు లేకపోతే ప్రమాదమే కదా.

అందుకని నా వరస ఇది. ముందు ఒర, తర్వాత కత్తి వీపు, ఆ తర్వాత పదును. ఒర తోలుతో కుట్టుకుందామని ఉంది. గీస్తే నిప్పురవ్వలు రాల్చే కడ్డీ ఉంటుంది కదా, ఫెర్రో రాడ్, దాన్ని గీసేలా వీపుకి అంచు తేలాలి. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

ఉప్పుగాలి:
ఒర ముందు అన్న మాటకి నా ఓటు కూడా వేసుకోండి. తోలు మాత్రం వద్దు. నేనుండేది చెన్నైలో సముద్రం పక్కన తిరువాన్మియూరు, మా ఇంట్లో తలుపు గొళ్ళేలకే తుప్పు పడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి అసలు వానలు, అప్పుడు అల్మారాలో ఉన్న తోలు చెప్పులకి బూజు వస్తుంది. అలాంటి ఊళ్లో తడి పీల్చిన తోలులో కార్బన్ స్టీలు దూర్చి పెడితే వారానికే ఎర్ర మచ్చలు. ప్లాస్టిక్ ఒర అడుగున కన్నం ఉంటుంది, నీళ్లు కారిపోతాయి, చేపలు కోసొచ్చినా కుళాయి కింద కడిగేయొచ్చు. తోలుని అలా కడగలేం.

మీ ఒర వదులుకి పాత సైకిల్ ట్యూబు చాలు. రెండు వేళ్ల వెడల్పు ముక్క కోసి ఒర మూతికి తొడగండి, కత్తి పెట్టాక దాన్ని సగం పైకి లాగి పిడి మొదట్లో పట్టేలా చెయ్యండి. ఇప్పుడు తలకిందులు చేసి విదిలించి చూడండి. పైగా ఆ రబ్బరు ముక్క తడిలోనూ అంటుకుంటుంది, పొయ్యి రాజేయడానికి పనికొస్తుంది. పైసా ఖర్చు లేదు.

ఇంకో మాట, మన తీరానికి స్టెయిన్‌లెస్సే నయం. స్వీడన్ కంపెనీ మోరా వాళ్ల కంపానియన్ కత్తి కార్బన్‌లోనూ స్టెయిన్‌లెస్‌లోనూ వస్తుంది, ఒకే ఆకారం. కార్బన్ మోజుతో రోజూ నూనె రాసుకుంటూ కూర్చునే ఓపిక ఎంతమందికి ఉంటుంది చెప్పండి.

మచ్చుకత్తి:
నాకు అర్థం కానిది ఒక్కటే. అసలు స్వీడన్ నమూనా కత్తి మనకెందుకు? లారీ కమాను పట్టీ ముక్క ఇస్తే మా ఊరి కమ్మరి సాయంత్రానికల్లా కత్తి కొట్టి ఇస్తాడు. శివగంగ జిల్లా తిరుప్పాచ్చి అరివాళ్లకి (వంకర కత్తులకి) తమిళనాడు మొత్తం పేరుంది, తరతరాలుగా ఆ పని చేస్తున్న వాళ్లున్నారు. వాళ్ల చేతిలో పెట్టాల్సిన డబ్బు ఆన్‌లైన్‌లో పోసి, పైగా ఒర బాగాలేదు వీపు బాగాలేదు అని మనమే మళ్లీ పని చేసుకోవడం ఏం న్యాయం? కొబ్బరి మట్ట నరకాలన్నా, ముళ్లకంప కొట్టాలన్నా, కట్టె చీల్చాలన్నా మచ్చుకత్తిని మించింది లేదు. మీ నాలుగంగుళాల కత్తితో కట్టె చీల్చాలంటే దాని వీపు మీద ఇంకో కర్రతో బాదాలి, పిడిలోకి సగమే దిగిన టాంగ్ ఎన్నాళ్లు తట్టుకుంటుంది?

తడదారి:
మచ్చుకత్తి గారూ, కమ్మరి పని మీద మీకున్న గౌరవమే నాకూ ఉంది, తోటలో మచ్చుకత్తి కూడా ఉంది. కట్టె చీల్చడం దాని పని, నేనూ దాంతోనే చీలుస్తాను. చిన్న కత్తి పని వేరే. మేకు చెక్కడం, అంటు కట్టేటప్పుడు కొమ్మ నున్నగా కోయడం, తాడు తెంపడం, పుల్ల మీద ఈకల్లా సన్నటి పొరలు లేపి నిప్పు రాజేయడం, ఇవన్నీ అరకిలో బరువున్న కత్తితో చేస్తే మణికట్టు పోతుంది. నా కత్తి పదునుది స్కాండి గ్రైండ్ అనే తీరు, అందులో ఒక్కో వైపు వాలు ఒక్కటే ఉంటుంది, వెడల్పుగా ఉంటుంది, ఆ వాలుని కట్టె మీద ఆనించి తోస్తే కత్తి ఎంత లోతు పోవాలో చేతికి తెలిసిపోతుంది. నాకు నచ్చింది అదే. బాదే పని దీనికి పెట్టను కాబట్టి టాంగ్ గురించి టెన్షన్ లేదు. బాదాలనుకునే వాళ్లు మోరా వాళ్లదే గార్బెర్గ్ లాంటి ఫుల్ టాంగ్, 3.2 మిల్లీమీటర్ల కత్తి కొనుక్కోవడం సబబే, అందులో వాదన లేదు.

ఉప్పుగాలి గారి ట్యూబు ముక్క ఈ రోజే వేశాను, గట్టిగా పట్టుకుంది. కానీ కత్తి తీసే ప్రతిసారీ రబ్బరు కిందికి దింపాలి, పెట్టాక మళ్లీ పైకి లాగాలి. చేతికి చెమట పట్టి ఉన్నప్పుడు, ఇంకో చేతిలో కొమ్మ ఉన్నప్పుడు అది కుదరదు, లాగడం బద్ధకించిన రోజు పాత కథే. పెట్టగానే తనంతట తాను పట్టుకునే ఒర కావాలి నాకు.

పెరియమెట్ పక్కవీధి:
తోలు పనిలో ఉన్నవాణ్ణి, చెబుతాను వినండి. ఉప్పుగాలి గారి భయం సగం నిజం. సంచులకీ బూట్ల పైభాగాలకీ వాడే మెత్తటి తోలు ఎక్కువగా క్రోమియం లవణాలతో పదును చేసింది (తోళ్ల పనిలో పదును అంటే టానింగ్). అది నీళ్లలో నానబెట్టి ఒత్తినా ఆకారం నిలవదు, లవణాల వల్ల ఇనుముకీ మంచిది కాదు. ఒరకి కావాల్సింది చెట్ల బెరడుతో పదును చేసిన తోలు. మద్రాసు నుంచి ఒకప్పుడు ఈస్ట్ ఇండియా తోళ్లన్న పేరుతో విదేశాలకి పోయిన సరుకు తంగేడు చెక్కతో పదును చేసి కరక్కాయతో ముగించిందే. అడయార్‌లో తోళ్ల పరిశోధన సంస్థ 1948లో పెట్టారంటే ఈ ఊరికి ఈ పని ఎంత పాతదో చూసుకోండి. చెన్నైలో తోళ్ల అంగళ్లున్న పెరియమెట్‌లో అడిగితే ముక్కల కింద కూడా అమ్ముతారు. మూడు మిల్లీమీటర్ల మందం తగ్గకుండా తీసుకోండి.

చేసే తీరు కూడా చెబుతాను, ఎందుకంటే చాలామంది రెండు పొరలు కలిపి కుట్టేసి ఒర అనుకుంటారు. పదును వైపు రెండు పొరల మధ్యలో ఇంకో తోలు పట్టీ పెట్టాలి. అది లేకపోతే కత్తి దిగిన ప్రతిసారీ దారాన్ని కోస్తూ పోతుంది, ఒకరోజు కుట్టు విడిపోయి అంచు బయటికొస్తుంది. మైనం పట్టించిన దారం, రెండు సూదులు, ఒకే కన్నంలోంచి ఎదురెదురుగా లాగాలి. అలా కుడితే ఒక పోగు తెగినా రెండోది పట్టుకుని ఉంటుంది. కుట్టాక గోరువెచ్చటి నీళ్లలో తోలు నానబెట్టి, కత్తికి నూనె రాసి, వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ పొర గట్టిగా చుట్టి లోపల పెట్టి, పిడి మొదట్లో వేళ్లతో నొక్కుతూ ఆకారం తీయండి. నీడలోనే ఆరాలి, ఎండలో పెడితే బిర్రబిగిసి పగులుతుంది. ఆరాక పిడి మెడ దగ్గర తోలు తనే పట్టేస్తుంది, బొత్తాం కూడా అక్కర్లేదు.

తుప్పు సంగతి అంటారా, కత్తిని ఒరలో పెట్టి నెలల తరబడి దాచకూడదు, అంతే. బయటికి వెళ్లినప్పుడు ఒర, ఇంట్లో నూనె గుడ్డ.

ఉప్పుగాలి:
మీరు చెప్పింది కాదనను. కానీ నెలల తరబడి దాచకూడదు అన్న ఆ ఒక్క షరతే జనం పాటించలేనిది. ఆఫీసు, షిఫ్టులు, పిల్లల పరీక్షలు, మళ్లీ కత్తి చేతిలోకి వచ్చేసరికి సంక్రాంతి. ప్లాస్టిక్ ఒర ఆ నిర్లక్ష్యాన్ని కొంతైనా క్షమిస్తుంది. నా మాట మీద నేనుంటా.

కార్బన్ వాడేవాళ్లకి ఒక సంగతి మాత్రం చెబుతా. పచ్చి మామిడికాయలు కోసిన ఇనుప కత్తిపీట నల్లబడినట్టే దీన్నీ కావాలని నల్లబరచొచ్చు. సబ్బుతో జిడ్డు పోయేలా కడిగి, చిక్కటి చింతపండు గుజ్జు పట్టించి కాసేపు ఉంచి కడగండి, రెండు మూడు సార్లు చేస్తే బూడిద రంగు పొర కడుతుంది. అది ఎర్ర తుప్పుని నెమ్మదింపజేస్తుంది, ఆపేయదు. పైన కొబ్బరి నూనె పల్చగా రాస్తే కూరగాయలు కోసుకోవడానికీ ఇబ్బంది ఉండదు.

అడవి గేటు:
ఒర, తోలు బాగానే ఉంది గానీ ఈ కత్తి తీసుకుని ఎక్కడికి వెళ్తున్నారన్నది ఎవరూ అడగట్లేదు. తొమ్మిది అంగుళాల లోపు బ్లేడైతే లైసెన్సు అక్కర్లేదు, కాబట్టి ఎక్కడికైనా పట్టుకెళ్లొచ్చు అని చాలామంది నమ్ముతారు. ఆ కొలత ఆయుధ చట్టం కింద నిబంధనల్లోది. అడవికి వేరే చట్టం ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆయుధం అంటే ఏమిటో చెప్పే చోట తుపాకులు, విల్లంబులు, వలలతో పాటు కత్తులనీ పేరు పెట్టి రాశారు. 31వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో పోకూడదు, జాతీయ పార్కులకీ ఇదే వర్తిస్తుంది. తలకోన ఉన్నది శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కులో. చెన్నై నుంచి వారాంతం అక్కడికి పోయేవాళ్లు ఇది తెలుసుకుని పోవాలి. నాలుగంగుళాలైనా కత్తి కత్తే.

ఇక ఫెర్రో రాడ్. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి కార్చిచ్చులో ట్రెకింగ్‌కి వెళ్లినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు, వాళ్లలో చెన్నై నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాతే తమిళనాడు ట్రెకింగ్‌కి నిబంధనలు తెచ్చింది. వేసవి గడ్డిలో ఒక్క రవ్వ చాలు. కత్తి వీపుని నిప్పు కోసం చెక్కుకోవడం మీద ఇంత శ్రద్ధ పెట్టేవాళ్లు ఆ నిప్పు ఎక్కడ వేస్తారో కూడా రాస్తే కొత్తవాళ్లు తప్పుదారి పట్టరు.

తడదారి:
అడగాల్సిన ప్రశ్నే అడిగారు. నేను అడవిలో నిప్పు వేయను, కత్తి తీసుకుని అభయారణ్యం గడప తొక్కను. నా వాడకమంతా సొంత మనుషుల తోటలో, బావి పక్కన గడ్డి చెక్కేసిన నేల మీద, బకెట్ నీళ్లు దగ్గర పెట్టుకుని. చెన్నై నుంచి వెళ్లేటప్పుడు కత్తి ఒరలో, ఒర టిఫిన్ డబ్బాలో, డబ్బా బ్యాగు అడుగున. నడుముకి తగిలించుకోవడం తోట గేటు దాటాకే. ఈ అలవాట్లు కూడా కత్తిని బాగు చేసుకోవడంలో భాగమే అని నా ఉద్దేశం.

మచ్చుకత్తి:
నిప్పు కోసమే అయితే వీపు అరగదీయడం దేనికి? విరిగిన హ్యాక్‌సా బ్లేడు ముక్కతో ఫెర్రో రాడ్ గీయండి, ఏ కత్తి వీపూ దానికి సాటి రాదు. వీపు అంచు తేలితే చెక్కేటప్పుడు దాని మీద ఆనించే బొటనవేలు బొబ్బలెక్కుతుంది. గుండ్రంగా వచ్చిన వీపు లోపం కాదు, చేతి కోసం అలా వదిలిపెట్టింది.

తడదారి:
హ్యాక్‌సా ముక్క మాట నిజం, కాదనలేను. నేను వీపు చేసుకునేది నిప్పుకే కాదు, కొమ్మ బెరడు గీకడానికి, చెక్క నున్న చేయడానికి కూడా. లేకపోతే ఆ పనికి పదునంచు వాడాల్సి వస్తుంది, పదును ఉత్తపుణ్యానికి పోతుంది. వేలి విషయంలో మీ మాట వింటాను. పిడి దగ్గరి సగం గుండ్రంగా వదిలేసి, ముందు సగమే చేస్తాను, వేలు ఆనేది పిడి దగ్గర సగం మీదే.

గ్రైండర్ మాత్రం వాడను. మిషన్ మీద పెడితే క్షణాల్లో స్టీలు నీలం రంగు తిరుగుతుంది, తిరిగిందంటే అక్కడ గట్టిదనం పోయినట్టే. పదునంచుకి టేపు మందంగా చుట్టి, చెక్క ముక్కల మధ్య వైస్‌లో బిగించి, ముతక కార్బోరండం రాయిని నీళ్లతో తడుపుతూ వీపుకి అడ్డంగా, సరిగ్గా లంబంగా తోయాలి. గట్టి స్టీలు మీద ఆకురాయి జారుతుంది, రాయే నయం. బ్లేడు చేతికి వేడి తగిలితే ఆపాలి. ఎండిన కొబ్బరి మట్ట మీద వీపుతో గీస్తే పొడి కాకుండా సన్నటి చుట్టలు లేచాయంటే అంచు వచ్చినట్టు.

సరుగుడు తోపు:
ఒర, వీపు అయ్యాయి, పదును సంగతి ఎవరూ పట్టించుకోలేదు. స్కాండి వాలు పుట్టింది పైన్, బర్చ్ లాంటి మెత్తటి కట్టెలున్న చోట. మన దగ్గర సరుగుడు, తుమ్మ, చింత. వాలు రెండు వైపులా సున్నాకి కలిసిన అంచుతో ఎండు తుమ్మ చెక్కితే కంటికి కనిపించీ కనిపించని పళ్లు విరుగుతాయి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే తెల్లటి చుక్కల్లా మెరుస్తాయి. వాలు మొత్తం రాయికి ఆనించి పదును తీశాక, చివర్లో కత్తిని ఒక వెంట్రుక వాసి పైకి లేపి, ఏ మాత్రం నొక్కకుండా నున్నటి రాయి మీద ఒక్కో వైపు మూడు నాలుగు సార్లు లాగండి. చిన్న రెండో వాలు పడుతుంది. చెక్కేటప్పుడు తేడా తెలియదు, నిలకడలో తెలుస్తుంది. తర్వాత పాత తోలు బెల్టు మీద రెండు లాగుళ్లు. ఖరీదైన కత్తి కొన్నా ఈ పని తప్పదు, కాబట్టి తక్కువ ధర కత్తి మీద చేయి తిప్పుకోవడమే మేలు.

ఉప్పుగాలి:
ఇది ఒప్పుకుంటా. తడదారి గారూ, తోలు ఒర కుట్టినా పాత ప్లాస్టిక్ ఒర పారేయకండి. వానాకాలం మూడు నెలలూ కత్తి దాంట్లో ఉండనివ్వండి.

తడదారి:
సరేనండీ, అలాగే చేస్తాను. శనివారం పెరియమెట్ వెళ్తున్నా. నడుముకి ఎత్తులో వేలాడేలా కుట్టాలా, కిందికి దింపాలా?

పెరియమెట్ పక్కవీధి:
మీరు చెట్లెక్కుతారు కాబట్టి ఎత్తులోనే, పిడి బెల్టు పైకి వచ్చేలా. కూర్చుంటే పక్కటెముకలకి తగలకుండా కొంచెం వెనక్కి వంచి లూపు కుట్టండి. అడుగున చివర రెండు కుట్లు వదిలేయండి, నీళ్లు పడ్డా అక్కణ్ణుంచి పోతాయి.