సమస్య: “ఇంటిలోననె యుండియు నింట లేడు”

నిర్వాహకుడు: ఈ వారం తేటగీతి. పూరణ బెర్నార్డ్ షా మీద ఉండాలి. డబ్లిన్‌లో 1856లో పుట్టి, ఇంగ్లండ్‌లో ఏయట్ సెయింట్ లారెన్స్ అనే పల్లెలో 1950లో కన్నుమూసిన నాటకకర్త. నోబెల్, ఆస్కార్ రెండూ వచ్చాయని అందరూ రాసేస్తారు, అది వద్దు. ఆ ఇంటి సంగతి పట్టుకోండి.

విజయవాడ సభ్యురాలు:

తోటలో వ్రాయు గుడిసెకు దొర యొసంగె
లండనను పేరు, వచ్చిన దండుతోడ
“పోయె లండను” కని దాసి బొంకదయ్యె;
ఇంటిలోననె యుండియు నింట లేడు.

(ఎండ ఎటుంటే అటు తిప్పుకునే గుడిసె అది.)

మాస్టారు: సమస్య చక్కగా విడిపోయింది. ‘బొంకదయ్యె’ దగ్గర నవ్వొచ్చింది. కానీ ఫేబియన్ సోషలిస్టుని పట్టుకుని ‘దొర’ అంటావేమమ్మా? ‘దా నొసంగె’ అను.

సభ్యురాలు: యతి పోతుంది మాస్టారూ. పాదం మొదట్లో ఉన్న ‘తో’కి ‘దా’ పొంతన కుదరదు.

మాస్టారు: నిజమే, తొందరపడ్డాను. ‘తోచి యొసగె’?

సభ్యురాలు: ‘గుడిసెకు’ చివర ద్రుతం (దాగిన నకారం) ఉంది కదండీ. సరళాదేశం వచ్చి, ‘త’ ‘ద’గా మారి ‘దోచి యొసగె’ అవుతుంది! సోషలిస్టుకి దొర కన్నా అదే ఘోరం.

డాలస్ సభ్యుడు: “చేతనైనవాడు చేస్తాడు, చేతకానివాడు పాఠం చెప్తాడు” అని ‘మేన్ అండ్ సూపర్‌మేన్’ నాటకం చివర రాసింది షాయే. నన్ను తిట్టకండి మాస్టారూ.

మాస్టారు: తిట్టనులే. ముందు నీ పూరణ పెట్టు.

డాలస్ సభ్యుడు:

చెట్టు కొమ్మలు దిద్దుచు జేరె నేల
తొంబదియు నాల్గు వర్షాల తోటమాలి;
బూదియై కల్సె సతితోడ బూలమడుల;
ఇంటిలోననె యుండియు నింట లేడు.

మాస్టారు: రెండో పాదం ఒక్కటీ చాలు, నీ పాఠం మాట మర్చిపోయాను. నిజంగానే కొమ్మలు కత్తిరిస్తూ పడి, రెండు నెలలు తిరక్కుండా పోయాడు. భార్య షార్లెట్ 1943లోనే పోతే, ఆమె బూడిదను అప్పటిదాకా దాచి, ఆయనదానితో కలిపి చల్లారు. అయితే పూలమడుల్లో కాదు. తోటలో నడిచే దారుల వెంట, ఆయన నాటక నాయిక సెయింట్ జోన్ విగ్రహం చుట్టూ. ఇంకోటి, తోట ‘ఇంటిలోన’ ఎలా అవుతుందయ్యా?

డాలస్ సభ్యుడు: పెరట్లో ఉన్నవాణ్ణి ఇంట్లోనే ఉన్నాడని అనమా మాస్టారూ?

మాస్టారు: అంటాం. సరే, మడులు తీసెయ్.

సభ్యురాలు: ‘బూలబాట’ అంటే దారీ వస్తుంది, యతీ నిలుస్తుంది.

డాలస్ సభ్యుడు: మార్చేశాను అక్కా.