అమరుడైన సైనికుని పింఛను: భార్యకేనా, తల్లిదండ్రులకూ వాటా ఉండాలా?

చర్చను ప్రారంభించినవారు:

2020 జూన్ 15న గల్వాన్ లోయలో సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబు నేలకొరిగినప్పుడు, తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన 5 కోట్ల రూపాయల్లో 4 కోట్లు ఆయన భార్యకు, 1 కోటి తల్లిదండ్రులకు వేర్వేరుగా అందాయి. మరుసటి సంవత్సరం నవంబరులో మహావీర చక్రను రాష్ట్రపతి చేతుల మీదుగా ఆయన తల్లి, భార్య కలిసి స్వీకరించారు. గౌరవం ఆ ఇంట్లో అందరికీ చేరిందని చూసిన వారికి అనిపించింది. అయితే నెలనెలా వచ్చే కుటుంబ పింఛను సంగతి వేరు. సైనికుడు వివాహితుడైతే అది భార్యకు వెళ్తుంది. భార్యాబిడ్డలు లేనప్పుడే తల్లిదండ్రుల వంతు వస్తుంది. 2024లో ఒక కీర్తిచక్ర గ్రహీత తల్లిదండ్రులు ఈ నియమాన్ని మార్చాలని బహిరంగంగా కోరారు. పింఛనును ఇద్దరికీ పంచేలా నిబంధన తేవాలా? మీ అభిప్రాయాలు చెప్పగలరు.

విశ్రాంత ఉపాధ్యాయుడు:

పంచాలనే నేను అంటాను. కొడుకును సైన్యానికి పంపే ఇళ్లలో చాలావరకు అతని జీతమే ఆధారం. పెళ్లయి ఏడాది తిరగకముందే అతడు పోతే, కోడలు పుట్టింటికి వెళ్లిపోవడం తప్పేమీ కాదు, కానీ ఆమెతో పాటు కొడుకు తాలూకు ఆసరా మొత్తం గడప దాటిపోతుంది. ఆమెకు చదువుంది, వయసుంది, ముందు బతుకుంది. అరవై దాటిన తల్లిదండ్రులకు ఏముంది? కొడుకు ఫొటోకు దండ వేసి, మందులకు మరొకరి ముందు చేయి చాచే స్థితి వస్తే, అంత్యక్రియల నాడు పేల్చిన తుపాకుల గౌరవానికి అర్థమేమిటని అడుగుతున్నాను.

మాజీ సుబేదారు:

మాస్టారూ, మీ బాధ నాకు అర్థమవుతుంది. సర్వీసులో ఉండగా జాతీయ పతాకం కప్పిన శవపేటికతో స్వగ్రామాలకు వెళ్లిన బృందాల్లో నేనూ ఉన్నాను. ఆ రోజు నాయకులు వస్తారు, ఊరంతా వస్తుంది. పెద్దకర్మ అయ్యాక మాత్రం ఆ ఇంట్లో మిగిలేది కాగితాలు, బ్యాంకు పనులు, ఎవరిని అడగాలో తెలియని ముసలి తండ్రి. కాబట్టి తల్లిదండ్రులను వదిలేయాలని నేను ఎన్నటికీ అనను. కానీ కోడలి పింఛనులోంచి కోసి ఇవ్వడం న్యాయం కాదని మాత్రం గట్టిగా చెబుతాను.

యుద్ధంలో మరణించిన సైనికుని కుటుంబానికి వచ్చే లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ అతని చివరి జీతంతో సమానంగా ఉంటుంది. అధికారి విషయంలో అది పెద్ద మొత్తం కావచ్చు. ఒక సిపాయి జీతాన్ని రెండు ఇళ్లకు పంచితే ఏ ఇల్లూ నిలదొక్కుకోదు, పైగా పసిబిడ్డ ఉంటే ఆ భారం పూర్తిగా తల్లి మీదే పడుతుంది. అంతకంటే నన్ను కలవరపెట్టేది, "ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటుంది" అనే మాటను వాదనగా వాడటం. ఒకప్పుడు శౌర్య పురస్కారంతో వచ్చే నెలవారీ భత్యం, వితంతువు మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోయేది. భర్త సోదరుణ్ణి చేసుకుంటే మాత్రమే కొనసాగేది. ఆ షరతును 2017 నవంబరులో తీసేశారు. ఇరవై ఐదేళ్ల పిల్ల జీవితాంతం తెల్లచీరలో ఉంటేనే భర్త త్యాగానికి అర్హురాలు అన్నట్టు మనం మాట్లాడితే, ఆ పోయినవాడిని మనమే అవమానించినట్టు. అతడు ఆమెను ఇష్టపడి తెచ్చుకున్నాడు.

కావలసింది తల్లిదండ్రులకు విడిగా ఒక పింఛను. పంపకం పెడితే అత్తాకోడళ్లు ఒకే దుఃఖంలో ఉండి కూడా కోర్టులో ఎదురెదురుగా నిలబడతారు.

ఇంకో విషయం కూడా చెప్పాలి. మనం ఇక్కడ పంపకం గురించి వాదించుకుంటుంటే, పంచుకోవడానికి పింఛనే లేని తల్లిదండ్రులు ఉన్నారు. 2025 మేలో నియంత్రణ రేఖ వద్ద వీరమరణం పొందిన శ్రీ సత్యసాయి జిల్లా యువకుడు మురళీ నాయక్ అగ్నివీరుడు, అంటే అగ్నిపథ్ పథకం కింద నాలుగేళ్ల కాలానికి సైన్యంలో చేరినవాడు. ఆ పథకంలో 48 లక్షల బీమా, విధి నిర్వహణలో మరణిస్తే 44 లక్షల పరిహారం ఉన్నాయి గానీ కుటుంబ పింఛను లేదు. పక్కపక్కనే నిలబడి ఒకే తూటాకు ఎదురొడ్డిన ఇద్దరిలో ఒకరి తల్లికి జీవితాంతం పింఛను, మరొకరి తల్లికి ఒక్కసారి చెక్కు! ఈ తేడాను నా మనసు ఎంతకీ అంగీకరించదు.

న్యాయవాది:

చట్టపరంగా ఒక చిన్న వివరణ. కుటుంబ పింఛను మరణించినవారి ఆస్తిలో భాగం కాదని 1991లో వయొలెట్ ఐజాక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి వీలునామా రాసినా, వారసత్వ చట్టాన్ని చూపినా అది వేరొకరికి మళ్లదు. కేంద్రం నిబంధనే మార్చాలి. తల్లిదండ్రుల పోషణకు సంబంధించిన 2007 చట్టంలో 'పిల్లలు' అనే నిర్వచనంలో కోడలు లేదు, అందువల్ల ఆ దారీ మూసుకునే ఉంది. రాష్ట్రాలు ఇచ్చే ఆర్థిక సహాయం మాత్రం పూర్తిగా వాటి చేతుల్లోనిదే. ఉత్తరప్రదేశ్‌లో 50 లక్షల్లో 35 భార్యకు, 15 తల్లిదండ్రులకు ఇచ్చిన సందర్భం ఉంది. ప్రావిడెంటు ఫండుకు నామినేషన్ రాసేటప్పుడు కూడా వాటాలు చూపవచ్చు. శిక్షణా కేంద్రంలో నింపిన కాగితాన్ని పెళ్లయ్యాక ఒకసారి తీసి చూసుకునే అలవాటు మన యువకులకు తక్కువ.

విశ్రాంత ఉపాధ్యాయుడు:

సుబేదారు గారూ, విడి పింఛను వస్తే నాకు అభ్యంతరం లేదు. నేను అడిగింది తల్లిదండ్రులకు ఆసరానే గానీ కోడలికి శిక్ష కాదు. అయితే అది వచ్చేదాకా ఆ ముసలివాళ్లు ఏ నమ్మకంతో ఉండాలి? తెలంగాణ అలా ఇచ్చింది, ఉత్తరప్రదేశ్ ఇలా ఇచ్చింది అంటున్నామే గానీ, ఎంత ఇవ్వాలన్నది ఆనాటి ముఖ్యమంత్రి మనసు మీద ఆధారపడి ఉంది. ప్రతి రాష్ట్రం తన సహాయంలో తల్లిదండ్రుల వాటా ఇంత అని ముందే ఉత్తర్వు ఇచ్చి ఉంచాలి. పురస్కార ప్రదానానికి పిలుపు కూడా ఇద్దరికీ విడివిడిగా, వారి వారి చిరునామాలకే వెళ్లాలి. కొడుక్కి పతకం ఇస్తున్న సంగతి టీవీలో చూసి తెలుసుకునే దుస్థితి ఏ తల్లికీ రాకూడదు. దీనికి చట్టం మార్చనక్కర లేదు, ఒక సర్క్యులర్ చాలు.