హోస్టింగ్‌తో వచ్చిన మెయిల్ వదిలి డబ్బు కట్టే మెయిల్‌కి మారాలి, ఏది మేలు?

లాలాపేట_ఎగుమతి: గుంటూరులో మిర్చి ఎగుమతి ఆఫీసు అండీ. సొంత డొమైన్ మీద ఆరు ఐడీలు, అన్నీ వెబ్‌సైట్ హోస్టింగ్‌తో పాటు వచ్చినవే. కొనుగోలుదార్లకి పంపే ఇన్‌వాయిస్‌లు స్పామ్‌లో పడుతున్నాయి. జోహో, గూగుల్ వర్క్‌స్పేస్ వాడుతున్నవాళ్లు చెప్పండి. పాత మెయిళ్లు దాదాపు 40 జీబీ, ఒక్కటీ పోకూడదు.

ఆటోనగర్_అడ్మిన్: ఏది కొన్నా స్పామ్ సమస్య సగమే తీరుతుంది. షేర్డ్ హోస్టింగ్‌లో మీ ఐపీ (సర్వర్ చిరునామా) మీదే ఇంకా చాలా సైట్లు ఉంటాయి, వాటిలో ఒకటి చెత్త పంపినా దెబ్బ మీకూ తగులుతుంది. సర్వీసు మారితే ఆ సగం పోతుంది. మిగతా సగం మీ డీఎన్‌ఎస్‌లో, అంటే డొమైన్ సెట్టింగ్స్ రికార్డుల్లో, ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కి పంపే ప్రతివాళ్లకీ ఎస్‌పీఎఫ్ (మీ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే రికార్డు) గానీ డీకిమ్ (మెయిల్ మీద డిజిటల్ సంతకం) గానీ ఉండాలి. మీరు రెండూ పెట్టండి, పైన డీమార్క్ (ఆ పరీక్షల్లో తప్పిన మెయిల్‌ని ఏం చెయ్యాలో చెప్పేది) కూడా.

ఎక్కువమంది తప్పేది ఎస్‌పీఎఫ్ దగ్గరే. పాతది ఉంచి పక్కనే కొత్తది పెడతారు. డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ ఒక్కటే ఉండాలి, రెండుంటే రెండూ చెల్లవు. డీకిమ్ 2048 బిట్ కీ 255 అక్షరాలు దాటుతుంది, డీఎన్‌ఎస్ మార్చే కొన్ని ప్యానెళ్లు దాన్ని మధ్యలో కత్తిరిస్తాయి. అన్నీ అయ్యాక ఒక జీమెయిల్‌కి పంపి, అక్కడ ఆ మెయిల్ తెరిచి, మూడు చుక్కల్లో ‘షో ఒరిజినల్’ నొక్కండి. మూడింటి ఎదురుగా ‘పాస్’ కనపడితేనే పని అయినట్టు.

బ్రాడీపేట_సర్వర్: మారే వరస ముఖ్యం. ఎంఎక్స్ రికార్డు (మీకొచ్చే మెయిల్ ఏ సర్వర్‌కి చేరాలో చెప్పేది) టీటీఎల్‌ని, అంటే పాత విలువని మిగతా సర్వర్లు గుర్తుంచుకునే సమయాన్ని, ముందురోజే 300 సెకన్లకి తగ్గించండి. కొత్త చోట మెయిల్‌బాక్సులన్నీ తెరిచి, పాత ఎంఎక్స్ నడుస్తుండగానే ఐమ్యాప్ (మెయిళ్లని సర్వర్లోనే ఉంచి చదివే పద్ధతి) మైగ్రేషన్, అంటే పాత మెయిళ్లని కొత్త చోటికి కాపీ చెయ్యడం, మొదలుపెట్టండి. 40 జీబీ ఒక్క రాత్రిలో అవుతుందనుకోవద్దు. అది పూర్తయ్యాక శనివారం రాత్రి ఎంఎక్స్ మార్చండి, పాత ఎంఎక్స్ రికార్డుల్ని పూర్తిగా తీసేయండి. రెండు రోజుల తర్వాత మైగ్రేషన్ మళ్లీ ఒకసారి నడిపితే, మధ్యలో పాత సర్వర్లో పడినవి కూడా వచ్చేస్తాయి. పాత హోస్టింగ్ మెయిల్‌ని నెల వరకు ముట్టుకోవద్దు.

మీ హోస్టింగ్ కంట్రోల్ ప్యానెల్ సీప్యానెల్ అయితే ‘ఈమెయిల్ రౌటింగ్’ని ‘రిమోట్’కి మార్చడం మరవొద్దు. మార్చకపోతే మీ వెబ్‌సైట్ ఎంక్వైరీ ఫారం నుంచి వచ్చేవి పాత పెట్టెలోనే పడుతుంటాయి, బయటి మెయిళ్లన్నీ బాగానే వస్తాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

జోహో ఖాతా భారత్ డేటా సెంటర్‌లో ఉంటే ఎంఎక్స్ విలువల చివర డాట్ ఇన్ ఉండాలి. ఎక్కడో దొరికిన డాట్ కామ్ విలువలు అతికించొద్దు, మీ అడ్మిన్ పేజీలో చూపించినవే వాడండి.

గవర్నర్‌పేట_లెక్కలు: ధర విషయం. సేల్స్, డాక్స్, అకౌంట్స్ అన్నవి మనుషులు కావు కదండీ. వాడేది ముగ్గురైతే ముగ్గురికే కట్టి, మిగతావి ఏలియాస్‌లుగా (అదే పెట్టెలోకి వచ్చే అదనపు చిరునామాలుగా) పెట్టండి. జోహో ఉచిత ప్లాన్‌లో ఐమ్యాప్ రాదు, ఔట్‌లుక్ వాడేవాళ్లకి అది పనికిరాదు. గూగుల్ స్టార్టర్‌లో తలకి 30 జీబీ, అందరిదీ కలిపి లెక్క. మీ 40 జీబీ దాంట్లో సరిపోతుంది. ఔట్‌లుక్‌కి అలవాటుపడి, ఖర్చు చూసుకునే ఆఫీసుకి నేనైతే జోహో పెయిడ్ ప్లానే చెప్తాను.

18 శాతం జీఎస్‌టీ పడుతుంది, కట్టకముందే జీఎస్‌టీ నంబరు ఎక్కించండి, ఇన్‌పుట్ క్రెడిట్‌కి (కట్టిన జీఎస్‌టీని మీ పన్నులో తగ్గించుకోవడానికి) కావాలి. కార్డు ఆటోపేలో 15,000 రూపాయలు దాటితే ఓటీపీ తప్పదు, ఎవరూ కొట్టకపోతే రెన్యువల్ ఆగిపోతుంది. అందుకే బిల్లింగ్ మెయిల్‌గానూ, డొమైన్ రిజిస్ట్రార్ దగ్గరా మీ డొమైన్ ఐడీ కాకుండా వేరే జీమెయిల్ ఇవ్వండి. డొమైన్ గడువు దాటితే ఆ హెచ్చరిక మెయిలే మీకు చేరదు.

లాలాపేట_ఎగుమతి: ధన్యవాదాలండీ. అకౌంట్స్ కంప్యూటర్లో ఔట్‌లుక్ సెట్టింగ్స్‌లో ఇన్‌కమింగ్ పోర్ట్ 995 అని ఉంది. దానికి వేరే ఏమైనా చెయ్యాలా?

బ్రాడీపేట_సర్వర్: చెయ్యాలి, అది పాప్, అంటే మెయిళ్లని సర్వర్ నుంచి కంప్యూటర్లోకి దించుకునే పద్ధతి. ఆ మెయిళ్లు సర్వర్లో లేకుండా ఆ ఒక్క పీసీలోని పీఎస్‌టీ ఫైల్లోనే (ఔట్‌లుక్ మెయిళ్లు దాచే ఫైలు) ఉండొచ్చు, అప్పుడు మైగ్రేషన్‌కి దొరకవు. ముందు ఔట్‌లుక్ మూసేసి ఆ ఫైలుని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీసుకోండి. తర్వాత కొత్త ఖాతాని ఐమ్యాప్‌గా, పోర్ట్ 993తో చేర్చి, పాత ఫోల్డర్లని ఏడాది చొప్పున కొత్తదాంట్లోకి కాపీ చెయ్యండి. ‘మూవ్’ వద్దు, నెట్ మధ్యలో పోతే ఏది వెళ్లిందో ఏది మిగిలిందో తెలియదు. ప్రతి ఫోల్డర్‌కీ రెండువైపులా మెయిళ్ల సంఖ్య సరిచూసుకున్నాకే తర్వాతిది మొదలుపెట్టండి.