పలాసలో బిల్లింగ్ కంప్యూటర్: స్టాటిక్ ఐపీ పెట్టాల్సింది ఉబుంటులోనా, రౌటర్‌లోనా?

పలాస జీడి:
మాది పలాసలో చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ. ఆఫీసులో బిల్లింగ్ కంప్యూటర్‌కి ఉబుంటు 22.04 (లినక్స్) వేశాం. మిగతా మూడు కంప్యూటర్లూ బిల్లుల కోసం దాని దగ్గరికే రావాలి కాబట్టి నెట్‌ప్లాన్ ఫైలులో (ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగులు ఉండేది) 192.168.1.50/24 అని స్టాటిక్ ఐపీ, అంటే మారని అడ్రసు, రాశాను. బయటి నెట్‌కి దారి చెప్పే గేట్‌వే4 దగ్గర రౌటర్ అడ్రసు ఇచ్చాను. పొద్దున్న ఎనిమిదింటికి బాగానే ఉంటుంది. పదిన్నర దాటాక మిగతా వాటిలో బిల్లులు తెరుచుకోవు. కాసేపటికి వస్తాయి, మళ్లీ పోతాయి. లాన్ కేబుల్ మార్చాను, స్విచ్ మార్చాను. బయట లోడు లారీ నిలబడి ఉంటే బిల్లు చేత్తో రాస్తున్నాం.

బొబ్బిలి వీణ:
గేట్‌వే4 దగ్గరే తప్పుంది. ఆ మాట నెట్‌ప్లాన్‌లో పాతబడిపోయింది, 22.04లో హెచ్చరిక కూడా వస్తుంది. దాని బదులు రూట్స్ కింద డిఫాల్ట్ దారి రాయండి. ట్యాబ్ కొట్టకండి, స్పేస్‌లే వాడండి. రాశాక 'నెట్‌ప్లాన్ ట్రై' కొట్టండి. 120 సెకన్లలో ఎంటర్ నొక్కకపోతే పాత సెట్టింగే వచ్చేస్తుంది, భయం లేదు.

చీపురుపల్లి:
క్లౌడ్-ఇనిట్ (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు సెట్టింగులు రాసే ప్రోగ్రాం) ఆ ఫైలుని తిరగరాస్తోందేమో కూడా చూడండి.

రాజాం జూట్:
ఫైలు తప్పయితే పొద్దున్న ఎలా పనిచేస్తోంది? పైగా ఒకే నెట్‌వర్క్‌లో కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి గేట్‌వేతో పనే లేదు. పదిన్నరకి ఆఫీసుకి ఎవరొస్తారో చెప్పండి మాస్టారూ. రౌటర్ డీహెచ్‌సీపీలో, అంటే తనంతట తానే పంచే అడ్రసుల్లో 50 కూడా ఉంటే, అది ఎవరి ఫోన్‌కో వెళ్తోంది. బిల్లులు ఆగిన నిమిషంలోనే వేరే కంప్యూటర్ నుంచి 50కి పింగ్ కొట్టి, 50 ఎదురుగా ఏ మ్యాక్ అడ్రసు (ప్రతి మెషీన్ నెట్‌వర్క్ కార్డుకీ ఉండే నంబరు) పడిందో చూడండి. లినక్స్ అయితే 'ip neigh', విండోస్ అయితే 'arp -a' కొట్టండి. అది బిల్లింగ్ కంప్యూటర్‌ది కాకపోతే దొంగ దొరికినట్టే. అసలు కంప్యూటర్‌లో స్టాటిక్ రాయడమే వద్దు. రౌటర్‌లో బిల్లింగ్ కంప్యూటర్ మ్యాక్‌కి ఎప్పుడూ 50యే ఇచ్చేలా రిజర్వ్ చేసెయ్యండి.

బొబ్బిలి వీణ:
ముందు గేట్‌వే4 తీసెయ్యమనండి, తర్వాత మీ రౌటర్ పురాణం. 2018లో తిత్లీ తుఫానప్పుడు మా బావగారి ఆఫీసులో రౌటర్ పాడైపోయింది. కేబుల్ అతను వేరేది తెచ్చి తగిలించి వెళ్లిపోయాడు. రిజర్వేషన్లన్నీ గల్లంతు. పాస్‌వర్డ్ అతని దగ్గర, అతని ఫోన్ స్విచ్చాఫ్. కరెంటు వచ్చాక కూడా మా వాళ్లు చీకట్లోనే ఉన్నట్టు కూర్చున్నారు. కంప్యూటర్‌లో రాసుకున్నది మన చేతిలో ఉంటుంది.

రాజాం జూట్:
మన చేతిలోనా? నేను చేరిన స్కూల్ ల్యాబ్‌లో నా ముందాయన 20 కంప్యూటర్లకీ చేత్తో స్టాటిక్ రాసి వెళ్లిపోయాడు. ఏది ఏ నంబరో ఒక్క కాగితం మీదా లేదు. కొత్త రౌటర్ 192.168.0 వరసలో వచ్చింది. ఒక్కొక్కటీ తెరిచి మార్చుకుంటూ కూర్చున్నాను. సిరిమాను చూడ్డానికి విజయనగరం రమ్మని అమ్మ ఫోన్ చేస్తే వెళ్లలేకపోయాను. ఆ మాట ఇప్పటికీ అంటుంది. రౌటర్‌లో పెట్టి ఉంటే ఒక్క చోట మారిస్తే పోయేది.

బొబ్బిలి వీణ:
మీకు స్కూల్లో రౌటర్ పాస్‌వర్డ్ ఇచ్చారు కాబట్టి అలా మాట్లాడుతున్నారు. లేనివాడి బాధ మీకేం తెలుసు?

రాజాం జూట్:
మీరేమో ఎప్పుడు పిలిచినా వచ్చి ఫైలు తెరిచే మనిషి ఉంటాడనుకుంటున్నారు. ఆ మనిషిని నేనే గురూ. ఆదివారాలు కూడా నాకే ఫోన్లు.

ఆమదాలవలస జంక్షన్:
ఇద్దరూ ఆగండి. పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో ఆయన్ని అడిగారా?

పలాస జీడి:
పదకొండింటికి ఆగింది, వెంటనే చూశాను. 50 దగ్గర వేరే మ్యాక్ పడింది. మా గుమస్తాగారి కొత్త ఫోన్! ఆయన పదిన్నరకే వస్తారు. పాస్‌వర్డ్ మా దగ్గర లేదు, కేబుల్ అతను ఇవ్వనన్నాడు. తనే వచ్చి తెరిచి చూపించాడు. 2 నుంచి 254 దాకా అన్నీ పంచేస్తోంది.

రాజాం జూట్:
పాస్‌వర్డ్ లేకపోతే రిజర్వేషన్ మాట నేనూ అనను. అతను ఉండగానే పంచే వరసని 100 నుంచి 200 దాకా తగ్గించమనండి. 50 ఉబుంటులోనే ఉండనివ్వండి. రౌటర్ పోతే మళ్లీ ఇదే గొడవ, అది మాత్రం గుర్తుంచుకోండి.

బొబ్బిలి వీణ:
వరస సంగతి నేను గమనించలేదు, ఒప్పుకుంటున్నాను. గేట్‌వే4 మాత్రం ఈ రోజే మార్చండి.

పలాస జీడి:
రెండూ చేశాం. సాయంత్రం దాకా బిల్లులు ఆగలేదు. బిల్లింగ్ 50, ప్రింటర్ 51 అని కాగితం రాసి గోడకి అంటించాను. పాస్‌వర్డ్ మాత్రం రాలేదు. వచ్చే వారం శ్రీకాకుళం వెళ్లి మా సొంత రౌటర్ కొంటున్నాను. ఏది తీసుకోమంటారో ఇద్దరూ చెప్పండి.