నాన్న పాత అట్లాస్ సైకిల్‌కి 2,500 రూపాయల్లో ఏం చేయించొచ్చు?

చైనూడింది:
నాన్న వాడిన అట్లాస్, 28 అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకులు. ఏళ్లుగా మెట్ల కింద పడి ఉంది. హన్మకొండ నుంచి కాజీపేటలో ఆఫీసుకి దీని మీదే వెళ్దామని ఆశ. టైర్లు బీటలు వారాయి, చైను తుప్పు, తొక్కుతుంటే ప్రతి చుట్టుకీ కుడి పెడల్ దగ్గర టక్ మంటోంది. ఒక షాపులో పాత ఇనుముకి అమ్మేయమన్నారు, ఇంకో షాపాయన గేర్లు, ముందు డిస్క్ బ్రేకు వేస్తా, 6 వేలు ఇమ్మన్నాడు. మ్యాట్ బ్లాక్ పెయింట్ కొట్టించాలని కూడా ఉంది. దేనితో మొదలుపెట్టాలి?

కాజా కాకినాడ:
పెయింట్ ఆఖర్న చూసుకో అన్నా. ఆ టక్కు కాటర్ పిన్నుదే (క్రాంకుని, అంటే పెడల్ ఉండే కడ్డీని, ఇరుసుకి బిగించే చీల) అయ్యుంటుంది. రెండు క్రాంకులూ చెరో చేత్తో పట్టుకుని ఎదురెదురుగా ఊపు, లూజు తెలిసిపోతుంది. నట్టు ఎంత బిగించినా నాలుగు రోజులకి మళ్లీ మొదలవుతుంది, ఎందుకంటే పిన్నుని పట్టి ఉంచేది నట్టు కాదు, సుత్తితో దిగ్గొట్టిన బిగువు. కొట్టేటప్పుడు క్రాంకు కింద ఇనప పైపు ముక్క ఆనించు, లేకపోతే దెబ్బంతా ఇరుసు లోపలి బేరింగు బాల్స్, అవి తిరిగే కప్పుల మీద పడుతుంది. విప్పేటప్పుడు నట్టు పూర్తిగా తీసేసి మాత్రం కొట్టొద్దు, మర చితికిపోతుంది. నేనలా కొట్టే చివరికి డ్రిల్లుతో తీయించుకున్నా.

ఫ్రీవీల్ 22:
డిస్క్ మర్చిపోండి. ఈ ఫోర్కుకి క్యాలిపర్ (డిస్కుని నొక్కే భాగం) బిగించే చోటు లేదు, చక్రం మధ్య హబ్‌కి రోటర్ (ఆ డిస్కు) పట్టదు, రెండూ మారిస్తే బడ్జెట్ అక్కడే అయిపోతుంది. కాజీపేట దారిలో వంతెన ఎక్కడానికే గేర్లయితే వెనక ఫ్రీవీల్ (వెనక చక్రానికుండే పళ్ల చక్రం) పళ్లు లెక్కపెట్టండి. 18 ఉంటే 22 వేయించండి. ముందు 44 పళ్లయితే ఒక్క తొక్కుకి 2.44 చుట్లు తిరిగే చక్రం సరిగ్గా 2 చుట్లు తిరుగుతుంది, మోకాళ్లకి తేడా తెలుస్తుంది. స్పీడు తగ్గుతుంది, అంతే. ఎలాగూ కొత్త చైనే కాబట్టి కొలత కొత్త ఫ్రీవీల్‌ని బట్టి తీయించండి.

పాత స్పానర్:
బాబూ, టైరు కొనేటప్పుడు జాగ్రత్త. 28 అంగుళాలని చెప్పి 700సీ టైరు అంటగడతారు. దాని రిమ్ము 622 మిల్లీమీటర్లు, మనది 635, ఎంత లాగినా ఎక్కదు. పాత టైరు మీద 28 x 1½ అని చూసుకుని అదే అడుగు. తర్వాత ఓవరాయిలింగ్: బాల్స్ తీసి కిరోసిన్‌లో కడిగి, గుంటలు పడ్డవి పారేసి కొత్త గ్రీజు పెట్టించు. కొత్త బ్రేకు రబ్బర్లు వేయించినా వానలో స్టీలు రిమ్ము మీద జారతాయి, ముందునుంచే నొక్కుతూ రావాలి. ఇంకోటి, ఎడమ పెడల్‌ది తిరగమర, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది.

చైనూడింది:
కాటర్ పిన్ను తీశా, చదునుగా ఉండాల్సిన వైపు వేలికి తగిలేంత గాడి పడింది. ఫ్రీవీల్ 18 పళ్లదే, రేపు 22 అడుగుతా. పెయింట్ దసరాకి చూద్దాం. ఎడమ పెడల్ సంగతే, స్పానర్ గారి పోస్టు చదవకముందు విప్పుతున్నాననుకుని అరగంట సేపు బలంగా బిగించేశా. ఇప్పుడది కదలట్లేదు, ఏం చేయాలి?